ఆ నదిని ఏమని పిలవాలి?

ఫోన్‌లో మ్యాప్ తెరిచి కెనడా మీద నుంచి ఆర్కిటిక్ వైపు జరుపుకుంటూ వెళ్లండి. గ్రేట్ స్లేవ్ సరస్సులో మొదలై, 1,738 కిలోమీటర్లు పారి బ్యూఫోర్ట్ సముద్రంలో కలిసే నది ఒకటి కనిపిస్తుంది. పేరు మెకంజీ.

ఎవరీ మెకంజీ? స్కాట్లాండ్‌లో పుట్టిన బొచ్చుతోళ్ల వ్యాపారి. 1789లో పసిఫిక్‌కి దారి వెతుకుతూ పడవల్లో బయలుదేరితే, ఈ నది ఆయన్ని ఆర్కిటిక్ తీరంలో దించింది. అంటే ఆయనకి కావాల్సిన నదే కాదిది! తోడు వచ్చినవాళ్లలో, దుబాసీల్లో అక్కడి మూలవాసులూ ఉన్నారు. ఒక్క వేసవిలో వెళ్లి తిరిగొచ్చేశాడు. పేరు మాత్రం నదికి ఉండిపోయింది.

మరి అంతకుముందు పేరు లేదా? ఒకటి కాదు, చాలా ఉన్నాయి. ఎగువన డెనే ప్రజలకి అది డెచో, అంటే పెద్ద నది. దిగువన గ్విచిన్ వాళ్లకి నాగ్విచూన్‌జిక్, పెద్ద దేశం గుండా పారే నది. సముద్రం దగ్గర ఇనువియాలుయిట్ వాళ్లకి కూక్‌పాక్. అదీ పెద్ద నదే.

"పెద్ద నది" కూడా ఒక పేరేనా అని మొదట నాకు నవ్వొచ్చింది. మన పల్లెలు గుర్తొచ్చాక నవ్వు ఆగింది. ఒడ్డునే ఉండేవాళ్లు "ఏటికెళ్లొస్తా" అంటారు, ఏ ఏరో చెప్పరు. ఆ అవసరం బయటివాళ్లది.

పైగా ఈ నదితో బతకడం తేలిక కాదు. ఉత్తరానికి పారుతుంది కదా, వసంతంలో ఎగువన మంచు ముందు కరుగుతుంది, దిగువన ఇంకా గడ్డకట్టే ఉంటుంది. ఐసు పలకలు అడ్డం పడి నీళ్లు ఊళ్ల మీదకొస్తాయి. ఏ రోజు ఐసు మీద నడవొచ్చో, ఏ రోజు నడిస్తే ప్రాణం పోతుందో ఒక్క వేసవిలో ఎలా తెలుస్తుంది?

మెకంజీ తప్పు చేశాడనను. దారిన వెళ్లేవాడు తన పుస్తకంలో ఏదో ఒకటి రాసుకుంటాడు. మ్యాపులో ఒక్క పేరుకే చోటుందనుకోవడం దగ్గరే నాకు పేచీ. 2015లో నార్త్‌వెస్ట్ టెరిటరీస్ ప్రభుత్వం పాత పేర్లని కూడా అధికారికంగా గుర్తించింది. సంతోషమే. కానీ పేరు తిరిగి ఇవ్వడానికి పెద్ద ఖర్చేం కాదు. ఆ నీళ్ల గురించి నిర్ణయం తీసుకునేటప్పుడు ఒడ్డున ఉన్నవాళ్ల మాట వినడం ఉంది చూశారూ, అది ఖరీదైన పని. స్నానం చేస్తూ నదుల పేర్లు తలుచుకునే మనం కూడా, ఆ నదుల్లోకి ఏం వదులుతున్నామో ఒకసారి చూసుకోవాలి.

2012లో ఆ నది మీద ఫోర్ట్ ప్రావిడెన్స్ దగ్గర ఒక వంతెన తెరిచారు. దానికి డెచో అని పేరు పెట్టారు. కింద పారే నది మాత్రం మ్యాపుల్లో ఇంకా మెకంజీనే.