మనవాడు కాని రోగి



ఈసారి మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతితో మొదలుపెడతాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అయినా శీలం గురించి పదిమందికి చెప్పేవాడు తన తప్పు దాచుకుంటే ఎట్లా?

ఆమడగూరు పక్కన తండా నుంచి ఒక సుగాలీ ఆయప్ప మా ఇంటికి వచ్చినాడు. చెనిక్కాయ పంట పోయిన ఏడు బెంగళూరికి కట్టడం పనికి పోయి, అక్కడ రేకుల షెడ్డులో ఉండి, దగ్గుతో తిరిగొచ్చినాడు. పరీక్ష చేస్తే టీబీ అని తేలింది. బ్యాంకు పుస్తకం సరిచేయించాల, సాయం రమ్మని అడగడానికి వచ్చినాడు. మా ఇంటామె టీ పెట్టింది. మాకు స్టీలు గ్లాసులు. ఆయనకు మాత్రం తాగి పారేసే కాగితం కప్పు. ఆ కప్పు తీసి ఇచ్చింది ఆమె కాదు, నేనే. గోడ మీద బాబాసాహెబ్ పటం, పక్కన తథాగతుని పటం ఉన్నాయి.

రెండు గ్లాసుల పద్ధతి ఎట్లుంటుందో మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. మా నాయన హోటలు బయట గూట్లో పెట్టిన గ్లాసు తానే తీసుకొని, తానే కడిగిపెట్టి వచ్చినవాడు.

అప్పుడు నాకు నేను చెప్పుకున్న సమాధానం ఏమంటే, ఇది కులం కాదు, రోగం భయం అని. మీరూ అదే అనుకుంటారేమో. సరే, పరీక్షించి చూద్దాం. టీబీ దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు గాలిలోంచి వస్తుంది. గ్లాసు వల్ల, కంచం వల్ల రాదు. మందులు సరిగా పడితే కొద్ది వారాల్లోనే ఇతరులకు అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. ఆయప్ప మందులు మొదలుపెట్టి అప్పటికి రెండు నెలలు. ఇవన్నీ నాకు తెలుసు. మన వాడలోనే ఒకామెకు ఇదే రోగం వచ్చినప్పుడు స్టీలు గ్లాసులోనే టీ ఇచ్చినాము. నిజంగా భయమే అయితే ఇద్దరం బయట వేపచెట్టు కింద కూచునేవాళ్లం. జాగ్రత్తపడేవాడు గాలి సంగతి చూసుకుంటాడు. నేను గ్లాసు సంగతి చూసుకున్నాను.

ఈ మాట సంఘంలో చెప్పినప్పుడు ఒక పెద్దాయన సూటిగా అడిగినాడు: “వాళ్లు మాత్రం మన ఇండ్లల్లో తింటారా? మనల్ని తండాలోకి రానిచ్చినారా? మన పోరాటాలకు ఎన్నడన్నా వచ్చినారా?” ఇది అబద్ధపు ప్రశ్న కాదు. చాలా తండాల్లో మాల మాదిగల చేతి నీళ్లు ముట్టని రోజులు ఉన్నాయి, అక్కడక్కడా ఇంకా ఉన్నాయి. మెట్ల మీద మెట్లుగా పేర్చిన అసమానత అని బాబాసాహెబ్ చెప్పింది దీన్నే. కింద ఇంకొకడు ఉన్నాడంటే ప్రతివాడికీ కొంచెం ఊరట.

కానీ ఆ పెద్దాయన ప్రశ్నను బుద్ధుని కాలంలోనే భిక్షువులు అడిగినారు. వినయపిటకంలో మహావగ్గలో ఉంది ఆ కథ. ఒక భిక్షువు విరేచనాల రోగంతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. చూసేవాడు లేడు. ఎందుకు లేడని బుద్ధుడు అడిగితే, తాను తోటి భిక్షువులకు ఏ పనీ చేసిపెట్టలేదని, అందుకే వాళ్లు చూడడం లేదని రోగే ఒప్పుకున్నాడు. బుద్ధుడు ఆ మాట తప్పని అనలేదు. ఆనందుణ్ణి నీళ్లు తెమ్మని, తాను పోస్తూ ఉంటే ఆనందుడు కడిగినాడు. ఇద్దరూ కలిసి ఎత్తి మంచం మీద పడుకోబెట్టినారు. సంఘాన్ని పిలిచి అడగడం ఆ తర్వాత. అక్కడే రోగికి సేవ చేసేవాడి లక్షణాలు కూడా ఉన్నాయి. మలమూత్రాలు, వాంతి, ఉమ్మి తీయడానికి అసహ్యపడకపోవడం వాటిలో ఒకటి. ఉమ్మి అన్న మాట దగ్గర నేను ఆగిపోయినాను.

1936లో ‘కులనిర్మూలన’లో బాబాసాహెబ్ ఇంకో ప్రశ్న వేసినాడు. ఆదివాసులకు వైద్యం అందించడానికి, వాళ్ల మధ్య బతకడానికి హిందువు ఎందుకు పోలేదని. పోతే కులం పోతుంది కాబట్టి అన్నాడు. మనం ఆ మతం వదిలి వచ్చినాము. ప్రశ్న మాత్రం మన గడప దగ్గరే నిలబడి ఉంది.

ఆదివాసీ అంటే మనకు పాడేరు, అరకు గుర్తొస్తాయి. అక్కడ ఐదో షెడ్యూలు ఉంది, ఐటీడీఏ ఉంది. మన శ్రీ సత్యసాయి జిల్లాలో షెడ్యూలు ప్రాంతమే లేదు. సుగాలీలు, ఎరుకలవాళ్లు ఊర్ల అంచుల్లో చెదిరి ఉన్నారు. ఎరుకలవాళ్లనైతే తెల్లదొరలు నేరస్త జాతుల చట్టం కింద పుట్టుకతోనే దొంగలని రాసిపెట్టి, స్టువర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో ఉంచినారు. ఆ చట్టం 1952లో పోయింది, చూపు పోలేదు. ఆ చూపు పడ్డ మనిషి ఆసుపత్రి వరుసలో కూడా గోడకు ఒదిగి వెనకనే నిలబడతాడు. జబ్బు ముదిరినాక గానీ రాడు.

టీబీలో ఇంకో చిక్కుంది. మందు మామూలుగా ఆరు నెలలు. రెండు నెలలకే దగ్గు తగ్గుతుంది, ఒళ్లు తేలికవుతుంది, మేస్త్రీ ఫోను చేస్తాడు. మనిషి బెంగళూరు బస్సెక్కుతాడు, మందు ఆగిపోతుంది. అట్లా మధ్యలో ఆపితే మందులకు లొంగని టీబీగా మారొచ్చు. అప్పుడు వైద్యం మరీ కష్టం. పరీక్ష, మందులు సర్కారు ఆసుపత్రిలో ఉచితం. తిండికని నెలకు 500 ఇచ్చేవాళ్లు, 2024 నవంబరు నుంచి 1,000 చేసినారు. పనికి పోక తప్పకపోతే ముందే చెప్పి, పోయిన చోట మందులు తీసుకునే ఏర్పాటు చేయించుకోవచ్చు. ఇదంతా చెప్పడానికి డాక్టరే కానక్కర్లేదు, సంతకం వచ్చినవాడు చాలు. మనలో అట్లాంటి వాళ్లు శానా మంది ఉన్నారు.

పోయిన పున్నమికి వందన ముగించి తండాకు పోయినాను. ఎండకు దాహమైంది. ఆయప్ప ఇంట్లో ముసలామె చెంబు నా చేతికి ఇయ్యలేదు, పైనుంచి పోసింది. దోసిలి పట్టి తాగినాను. లోపల ఏదో రగిలింది, అది అబద్ధం చెప్పను. తర్వాత మాత్రల అట్ట తెమ్మన్నాను. లెక్కపెడితే మూడు రోజులవి మిగిలిపోయి ఉన్నాయి.

“ఎందుకు మింగలేదన్నా?” అని కట్ట మీద కూచున్నాను. ఆయప్ప తల వంచుకొని, మేస్త్రీ ఫోను సంగతి చెప్పడం మొదలుపెట్టినాడు.