ఎరువు సొమ్ము - ఎరువు చూపు

చలనచిత్రమును నిర్మింపబూనిన యువకులు నేడు కథ వ్రాసికొనినతోడనే, పూర్వచిత్రములనుండి తమకు నచ్చిన దృశ్యములను ఏర్చి, సంపుటిగా గూర్చి, ఛాయాగ్రాహకుని చేతబెట్టుచున్నారు. ఈ వెలుగే, ఈ రంగే, ఈ నీడయే తమకును గావలెనని వారి కోరిక. ఇది విద్యార్జనమా, చౌర్యమా? ఈ ప్రశ్న సినిమావారికే పరిమితమైనది కాదు. పరులను జూచి నేర్చుకొను ప్రతివానికిని సంబంధించినది.

పూర్వులను జూడక యెవ్వడును కళ నేర్వలేడు. కావున గ్రహించుట దోషము కాదు. ఏమి గ్రహించితిమన్నదే విచార్యము. తొమ్మిదవ శతాబ్దమున కాశ్మీరదేశమునందు ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోక’మున ఈ విషయమునే కావ్యపరముగా చర్చించెను. కృతుల నడుమ పోలిక మూడు విధములు: అద్దములోని ప్రతిబింబమువంటిది, చిత్తరువువంటిది, ఇరువురు మనుష్యుల యాకారసామ్యమువంటిది. మొదటిదానికి వేఱాత్మ లేదు. రెండవదాని యాత్మ తుచ్ఛము. ఈ రెండును త్యాజ్యములు. మూడవదానియందు దేహము పోలినను ఆత్మ వేఱు గనుక అది గ్రాహ్యము.

ఈ విభాగము సినిమాకును చక్కగా అన్వయించును. 1960లో హిచ్‌కాక్ తీసిన ‘సైకో’ను 1998లో గస్ వాన్ సాంట్ దాదాపు దృశ్యమునకు దృశ్యముగా, రంగులలో, మరల తీసెను. కొలతలు సరిపోయినవి, కాని విమర్శకులలో పెక్కండ్రు దానిని ఆదరింపలేదు. అది ప్రతిబింబము.

సత్యజిత్ రే మార్గము వేఱు. 1950లో లండనునందు ఆయన ఇటలీ దర్శకుడగు డి సికా 1948లో తీసిన ‘బైసికిల్ థీవ్స్’ను జూచెను. రోము వీథులను వంగదేశమునకు తెచ్చుకొనలేదు. స్టూడియో విడిచి, నిజమైన తావులలో, పేరులేని నటులతో చిత్రము తీయవచ్చునను ధైర్యమును తెచ్చుకొనెను. ఆ ధైర్యముతో కలకత్తా చెంతనున్న బోరల్ గ్రామమున తీసినదే 1955 నాటి ‘పథేర్ పాంచాలీ’. ఆ ఋణమును ఆయన దాచలేదు. 1956 నాటి ‘అపరాజితో’ కొఱకు కాశీలోని యింటి మండువాను స్టూడియోలో గట్టవలసివచ్చినప్పుడు, ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర పైని తెల్లగుడ్డను ఆకాశమువలె పఱపించి, దీపముల వెలుగు దానిపై బడి క్రిందికి మరలునట్లు చేసెను. ఆ వెలుగునకు మాతృక మఱొక చిత్రము కాదు. కాశీయిండ్లలో పడు పగటి వెలుగే.

వెలుగు ఒక తావునకు, ఒక ఋతువునకు, ఒక జీవనమునకు జెందినది. మన పల్లెలో కట్టెలపొయ్యి పొగలో గూర్చున్న తల్లి ముఖముపై పరదేశపు మంచునీడ పఱచినచో, అందము కనబడును గాని ఆమె కష్టము కనబడదు. మూలకర్తకు జరిగిన అన్యాయముకంటె ఆ తల్లికి జరిగిన అన్యాయమే గొప్పదని మా యభిప్రాయము.

సంపుటిని పాఱవేయుమని మేము చెప్పము. ఒక్కొక్క దృశ్యమును ముందిడుకొని, ‘ఇది యిట్లేల వెలిగినది?’ అని యడుగవలెను. కారణము దొరకినచో దానిని గైకొని పటమును విడువవలెను. నేర్పినవారి పేరు చెప్పుటకు సిగ్గుపడరాదు. ‘ఎరువుల సొమ్ము బరువుల చేటు’ అని మన పెద్దలందురు. నగ యెరువు తెచ్చుకొన్నచో ఒకనాటి పెండ్లి గడచును. చూపునే యెరువు తెచ్చుకొన్నవాడు తన యింటివారిని గుర్తింపజాలడు.