మనస్సాక్షి గద్దించనియెడల అది తప్పు కాదా?

ఒక కుట్టుసూదిని అయస్కాంతపు ఒక కొనతో ఒకే దిశగా ముప్పది నలువది సారులు రుద్దవలెను. ముందుకు వెనుకకు రుద్దిన ప్రయోజనము లేదు. తరువాత దానిని చిన్న బెండు ముక్కపై పరుండబెట్టి, నీళ్లుపోసిన మట్టి మూకుడులోగాని ఇత్తడి పళ్లెములోగాని విడువవలెను. సూది మెల్లగా తిరిగి ఉత్తర దక్షిణములుగా నిలుచును. ఎన్నిసారులు త్రిప్పి విడిచినను మరల అట్లే వచ్చి నిలుచును. సూదంటురాయితో పూర్వులు చేసికొనిన దిక్సూచి యిట్టిదే. ఆదివారపు బడి పిల్లలకు ఇది చూపిన మిగుల సంతోషింతురు.

ఇప్పుడొక కొడవలిని మూకుడు ప్రక్కకు చేర్చుడి. సూది ఉత్తరమును విడిచి కొడవలి వైపు తిరుగును. (సెల్‌ఫోను చేర్చినను తిరుగును, దానిలోను చిన్న అయస్కాంతమున్నది.) సూదికి ఏ లోపమును కలుగలేదు. మునుపు ఎంత స్థిరముగా నిలిచెనో ఇప్పుడును అంత స్థిరముగానే నిలిచియున్నది. ఈ సంగతియే మమ్మును ఆలోచింపజేయుచున్నది.

కుమారునికి కట్నము పుచ్చుకొను సంఘస్థులతో మాటలాడునప్పుడు మేము తరచుగా వినుమాట యొకటి కలదు: "అయ్యగారూ, ప్రార్థన చేసికొంటిమి. మా మనస్సాక్షి మమ్మును గద్దించుటలేదు." వారు అబద్ధమాడుచున్నారని మేము తలంచము. కట్నమును నిషేధించు చట్టము 1961లోనే వచ్చెనని వారెరుగుదురు. అయినను లోపలి ముల్లు కదలలేదు. అయితే దాని ప్రక్కన ఏమున్నది? అబ్బాయి చదువుకు చేసిన అప్పున్నది. తమ కూతురికి ఇచ్చుకొనిన సొమ్మున్నది. అన్నగారి యింటికి ఎంత వచ్చెనో ఆ లెక్క యున్నది. పౌలు సైతము సంఘమును హింసించిన దినములలో అది తన విధియనియే నమ్మెను (అపొ. కార్య. 26:9). పిమ్మట కొరింథువారికి వ్రాయుచు, తనలో తనకు తప్పేమియు తోచనంత మాత్రమున తీర్పు ముగిసిపోలేదని ఒప్పుకొనెను (1 కొరింథీ. 4:4).

అట్లయిన, ఇనుము చెంతనున్నదని మనకెట్లు తెలియును? ఓడవారు దీనికొక ఉపాయము కనుగొనిరి. మాథ్యూ ఫ్లిండర్సు అను ఆంగ్లేయ నావికుడు 1801 మొదలు 1803 వరకు ఇన్వెస్టిగేటర్ అను ఓడలో ఆస్ట్రేలియా తీరమును పటములో వ్రాయుచుండెను. ఓడ ముఖము తూర్పునకు తిరిగినప్పుడు ఒక విధముగాను, పడమరకు తిరిగినప్పుడు వేరొక విధముగాను దిక్సూచి చూపుచుండుటను ఆయన గమనించెను. ఉత్తరము ఓడతోకూడ తిరుగదుగదా! దోషము ఓడలోని ఇనుమువలన కలుగుచున్నదని 1805లో అచ్చయిన వ్యాసములో ఆయన వివరించెను. ఫిరంగులను లంగరులను సముద్రములో పారవేయుట సాధ్యము కాదు. కనుక ముల్లు ఎంత ప్రక్కకు లాగబడుచున్నదో లెక్కకట్టుట నేర్చిరి. దానిని సరిచేయుటకు దిక్సూచి చెంత నిలువుగా పెట్టు ఇనుప కడ్డీకి నేటికిని ఆయన పేరే కలదు.

మనస్సాక్షిని నమ్మరాదని మేము చెప్పుటలేదు. దిక్సూచి లేని ఓడ మరింత అపాయము. ఓడను ఒకసారి త్రిప్పి చూడుమని మాత్రమే అడుగుచున్నాము. అబ్బాయి తండ్రివి కాక, అర యెకరము తాకట్టు పెట్టుచున్న అమ్మాయి తండ్రివై అదే బేరమును చూడుము. నీ ముల్లు ఇంకను ఆ దిక్కే చూపుచున్నదా?

నాతాను ప్రవక్త దావీదుకు చేసినది ఇదియే (2 సమూ. 12). ఊరియా చనిపోయి, బత్షెబకు బిడ్డ పుట్టువరకు రాజు నిమ్మళముగా నుండెను. నాతాను ఆ పేర్లెత్తక, ఒక ధనవంతుడు బీదవాని గొఱ్ఱెపిల్లను పట్టుకొనిపోయిన సంగతి చెప్పెను. వెంటనే దావీదు సరియైన తీర్పు చెప్పెను. అన్ని నెలలు అతని ముల్లు చెడిపోలేదన్నమాట!

మాకు ఆడపిల్లలు లేరుగదా, మేమెట్లు త్రిప్పి చూతుమని కొందరడుగుదురు. ఆ గొఱ్ఱెపిల్ల దావీదుది కాదు. అయినను అతనికి కోపము వచ్చెను.