మేనత్త యెహోషెబయు, పాలకుర్తి ఐలమ్మయు



పరిశుద్ధ గ్రంథములో తల్లులను గూర్చి ఎంతో వ్రాయబడియున్నది గాని మేనత్తలను గూర్చి వ్రాయబడినది చాల తక్కువ. ఉన్నవారిలో ఒకతె యెహోషెబ. రాజుల రెండవ గ్రంథము 11వ అధ్యాయము తెరచి చూడుడి. అతల్యా రాజవంశపు పిల్లలను చంపించుచున్న దినమున ఈమె తన సహోదరుని బిడ్డయైన యోవాషును, అతని దాదిని పడకగదిలో దాచిపెట్టెను. ఆ బిడ్డ ఆరేండ్లు మందిరములో మరుగున పెరిగి, ఏడవ యేట రాజాయెను. అత్తగారి ముచ్చట అంతటితో సరి. ఆమె ఎప్పుడు పోయినదో, ఎవరు ఏడ్చిరో గ్రంథము చెప్పదు.

ఆమె చేసినది ఏలినవారి ఆజ్ఞకు విరోధమైన పని. ఆనాడు బయటపడియున్న యెడల ఆమెను మెచ్చుకొనెడివారెవరు? మన ఊళ్ళలోనూ అంతే. ఎవరి చెప్పుచేతలలోను ఉండక, తన చేను తాను చూచుకొనుచు, పంచాయితీలో మగవారి నడుమ నోరు విప్పి మాటలాడు పెద్దమ్మ ఒకతె ఉండును. బ్రదికియున్నంత కాలము ఆమె గయ్యాళి. పెట్టె మూసిన తరువాత మహాతల్లి. సమాధి దగ్గర నిలిచి ఆమె ధైర్యమును పొగడువారిలో సగము మంది, ఆ ధైర్యము వలననే ఆమెతో మాటలు మానుకొన్నవారు. ఈ సంగతి మమ్మును చాల దినములుగా బాధించుచున్నది. తన బుద్ధి చొప్పున నడుచు స్త్రీ సంఘమునకు మేలా, భారమా?

ఇందుకు మేము దూరదేశపు దృష్టాంతము వెదుకలేదు. చాకలి ఐలమ్మ అని మనమందరము పిలుచుకొను చిట్యాల ఐలమ్మ పాలకుర్తి మనిషి. ఇప్పుడది జనగామ జిల్లా గాని నిజాము కాలమున నల్లగొండ జిల్లాలోని జనగామ తాలూకాలో ఉండెను. (ఆమె మన మతస్థురాలు కాదు గదా అని ఎవరైన అడిగిన, సారెపతు విధవరాలు ఏ మతస్థురాలో, ఆమెను ప్రభువు నజరేతులో ఎందుకు జ్ఞాపకము చేసెనో లూకా 4వ అధ్యాయములో చూచుకొనవచ్చును.) ఆ రోజులలో చాకలివారు దొర ఇంటి బట్టలు కూలి లేకుండ ఉదుకవలెను. వెట్టి అనగా ఏమో మన తాతలను అడిగిన చెప్పియుందురు. అట్టి కులములో పుట్టినది మల్లంపల్లి మక్తాదారు నుండి భూమి కౌలుకు పట్టి సేద్యము చేయుటయే విసునూరు దేశ్‌ముఖు రామచంద్రారెడ్డి కంటికి కంటకమాయెను. 1940ల మధ్యకాలములో ఆమె చేను పండెను. పంట తనదే అని దేశ్‌ముఖు మనుష్యులను పంపెను. ఆమె ఇయ్యననెను.

ఇక్కడ కొంచెము నిదానించి చూడవలెను. ఆమె ఒంటరిగా ఎదిరించెనని కథ చెప్పువారు చెప్పుదురు. ఇయ్యనన్నది ఆమెయే, నిజమే. కాని చేను కోసి, గింజలు ఆమె ఇంటికి చేర్చినవి ఆంధ్రమహాసభ సంఘమువారి చేతులు. ఆ చేతులు లేనిదే ఆమె మాట కల్లములోనే ఆగియుండును. ఆమె మాట లేనిదే ఆ చేతులకు మోయుటకు గింజ దొరకియుండదు. కావున తన కాళ్ళమీద తాను నిలుచుట వేరు, ఊరివారితో కలిసి నడుచుట వేరు అని మనము చేయు విభాగము ఆ ధాన్యపు మూట దగ్గర నిలువదు.

వెల లేకపోలేదు. ఆమె ఇల్లు కాల్చిరి. ఇంటివారు చెరసాల పాలైరి. ఒకరి పట్టుదలకు ఇంటిల్లిపాదియు బాధపడవలెనా అని అడుగువారున్నారు. తేలికైన ప్రశ్న కాదు. అయినను వెట్టి చేయుచు ఊరకున్న ఇండ్లు సుఖముగా ఉండెనా? ఆ ఇండ్లు దినదినము కొంచెము కొంచెముగా కాలుచుండెను గనుక పొగ ఎవరికిని కనబడలేదు. 1946 జూలై 4న ఆ తాలూకాలోని కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు కూలినప్పుడు గాని ఆ పొగ లోకమునకు కానరాలేదు.

ఐలమ్మ వృద్ధురాలై 1985 సెప్టెంబరు 10న కన్నుమూసెను. హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయమునకు ఆమె పేరు పెట్టినది 2024లో. నడుమ ముప్పది తొమ్మిదేండ్లు! పేరు పెట్టుట మంచిదే. గాని మాకు యొప్పేలోని దొర్కా జ్ఞాపకమునకు వచ్చుచున్నది. ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు పొగడ్తలతో ఆగక, ఆమె కుట్టిన బట్టలు తెచ్చి పేతురునకు చూపిరి.

మన పాలమూరు సంగతి ఎరుగనివారెవరు? వానలు లేక, మేస్త్రీ వెంట ఆలుమగలు ఎక్కడికో మట్టి పనికి, కట్టడపు పనికి పోయిన ఇండ్లలో, పిల్లలను బడికి పంపుచు, మేకను కట్టివేయుచు, పక్కింటివారి పిల్లలకును గంజి పోయుచు ఉన్నది ఎవరు? ఒక ముసలి అత్త, లేక పెద్దమ్మ, లేక అవ్వ. వంట చేయునప్పుడెల్ల తీసిపెట్టిన పిడికెడు బియ్యము ఆదివారము గుడికి తెచ్చునది ఆమెయే. ఆ బియ్యమును లెక్క వ్రాయుదుము. దానిని ఏ పనికి ఖర్చు పెట్టవలెనో తేల్చు కూటమిలో మాత్రము ఆమెకు చాప వేయము. వేసి అడిగిన యెడల, బడి మానిన పిల్లలెవరో, పొయ్యి వెలుగని ఇల్లు ఏదో, మన పెద్దలకంటె ముందుగా ఆమెయే చెప్పును. మనకు నచ్చని మాట ఒకటి రెండు కూడ చెప్పవచ్చును.