రక్తమా, ఎండా?

మా నాన్నకు కోపం వస్తే మాట మధ్యలోంచి లేచి వెళ్ళిపోయేవారు. బాబాయీ అంతే. పొలం పంపకాల రోజున ఇద్దరూ అలాగే లేచి చెరోవైపు వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి మాటల్లేవు. నాకూ, బాబాయి కొడుక్కీ అదే అలవాటు. "రక్తంలోనే ఉందిరా" అనేది నాయనమ్మ. నేనూ చాలాకాలం అదే నమ్మాను. ఆ నమ్మకాన్ని కదిపింది, ఎక్కడో తిరిగే కొన్ని రాళ్ళ కథ.

కుజుడికీ గురుడికీ మధ్య తిరిగే గ్రహశకలాల్లో కొన్నింటి కక్ష్యలు ఒకదాన్నొకటి పోలి ఉన్నాయని 1918లో జపాన్ ఖగోళ శాస్త్రజ్ఞుడు కియోత్సుగు హిరయామా గమనించారు. అవి ఏదో ఒక పెద్ద శకలం పగిలితే చెదిరిన ముక్కలై ఉండాలని ఊహించి, వాటిని 'కుటుంబాలు' అన్నారు. అందులో ఒకటి కొరోనిస్ కుటుంబం. 1993లో గెలీలియో నౌక దగ్గరగా ఫొటోలు తీసిన పొడుగాటి ఇడా ఈ కుటుంబంలోదే.

నౌకలు వెళ్ళని రాళ్ళ సంగతి వెలుగు చెబుతుంది. పొడుగాటి రాయి తిరుగుతున్నప్పుడు దాని వెడల్పు వైపు మనకు ఎదురైతే వెలుగు ఎక్కువ, కొన ఎదురైతే తక్కువ. ఆ హెచ్చుతగ్గుల్ని ఏళ్ళ తరబడి, వేర్వేరు కోణాల నుంచి పోగుచేస్తే భ్రమణకాలం, ఆకారం, అక్షం ఎటు వాలిందీ లెక్కకట్టొచ్చు. స్టీఫెన్ స్లివన్ కొరోనిస్ సభ్యుల మీద ఓపిగ్గా చేసింది ఇదే. ఢీకొని చెదిరిన ముక్కలు ఎటుపడితే అటు తిరుగుతూ ఉండాలి కదా. 2002లో ఆయన ప్రకటించిన ఫలితం అలా లేదు. చూసిన పదింటిలో నాలుగింటి అక్షాలు దాదాపు ఒకే వైపుకి వాలి ఉన్నాయి, వాటి భ్రమణకాలాలూ 7.5 నుంచి 9.5 గంటల మధ్యే. ఎదురు దిశలో తిరిగే మిగతావి మాత్రం బాగా వేగంగానో, బాగా నెమ్మదిగానో తిరుగుతున్నాయి.

పుట్టుకలోనే వచ్చిన పోలిక అనుకోవడం తేలిక. కానీ 2003లో వొక్రౌహ్లిట్స్కీ, నెస్వోర్నీ, బాట్కే వేరే కారణం చూపించారు: ఎండ. వేడెక్కిన రాయి ఆ వేడిని తిరిగి వదిలేటప్పుడు అతిచిన్న తోపు పుడుతుంది. రాయి ఎగుడుదిగుడుగా ఉంటే ఆ తోపు దాన్ని కొంచెం మెలితిప్పుతుంది. రెండు మూడు వందల కోట్ల సంవత్సరాల పాటు అలా మెలితిరుగుతూ వచ్చాయి ఆ రాళ్ళు. ఆ నాలుగింటి అక్షాలైతే, శనిగ్రహ ప్రభావంతో కక్ష్యలు ఊగే లయలో చిక్కుకుని అక్కడే నిలిచిపోయాయి. ఇది ఉత్త లెక్క కాదు. ఎండ వల్ల ఒక చిన్న శకలం భ్రమణవేగం పెరుగుతూ ఉండటాన్ని 2007లో కొలిచి చూపారు.

ఆఫీసులో సర్వర్ పడిపోతే మేం ముందు వెతికేది ఏ రోజు, ఎవరి మార్పు అని. ఒక తేదీ దొరికితే ప్రాణం కుదుటపడుతుంది. మా ఇంట్లో ఆ తేదీ పంపకాల రోజు. నిజానికి నేనూ, బాబాయి కొడుకూ ఒకే వసారాలో, అలిగి లేచిపోయే ఇద్దరు మనుషుల్ని రోజూ చూస్తూ పెరిగాం. మా పోలిక రక్తానిదే కానక్కర్లేదు, ఆ ఎండదీ కావచ్చు.

అలాగని పుట్టుకని కొట్టిపారేయలేను. ఎండ ఎలా మెలితిప్పుతుందన్నది రాయి ఆకారాన్ని బట్టే ఉంటుంది, ఆ ఆకారాన్ని ఇచ్చింది ఢీకొన్న రోజే. పైగా రాయికి వేరే దారి లేదు, మనకుంది. 'రక్తం' అన్నామంటే తప్పు మన చేతుల్లోంచి జారిపోతుంది. 'ఎండ' అంటే అది ఇవాళ కూడా కాస్తోందని ఒప్పుకోవాలి.

మొన్న రాత్రి మా అయిదేళ్ళ పాప, నేనేదో గట్టిగా అంటే, అన్నం ముందునుంచి మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయింది. "అచ్చం మీ పోలికే" అంది నా భార్య నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. నేనూ లేవబోయి, ఆగి, పాప గదిలోకి వెళ్ళి కూర్చున్నాను.