పాత యంత్రము – పరిత్యాగ ధర్మము

వాకిలి కట్టినవాడు కొందరిని లోనికి రానిచ్చును, కొందరిని నిలిపివేయును. రానిచ్చినందు కెవ్వరును కారణ మడుగరు. నిలిపివేసినందుకు మాత్రము కారణము చెప్పవలసియుండును. దేవాలయము విషయమునను, పాఠశాల విషయమునను, ఊరిబావి విషయమునను మన సంస్కర్తలు తరతరములుగా అడిగిన ప్రశ్న యిదియే: ఈ నిషేధమునకు కారణ మేమి? ఆ కారణము వస్తుస్వభావమునం దున్నదా, లేక నిషేధించువాని సౌకర్యమునం దున్నదా? నేడు మన యిండ్లలోని కంప్యూటర్ల విషయమున గూడ ఈ ప్రశ్న యడుగదగినదని మా యభిప్రాయము. యంత్రమునకు ధర్మాధర్మము లేమని కొందరు నవ్వవచ్చును. యంత్రమునకు లేవు, నిజమే. కాని యంత్రమును త్రోసివేసినప్పుడు దాని యెదుట కూర్చుండిన మనుష్యుడు గూడ త్రోసివేయబడుచున్నాడు. మా విచారము వాని కొరకు.

మొదట న్యాయమైన నిషేధ మెట్లుండునో చూతము. హైదరాబాదునుండి శ్రీశైలమునకు పోవు బాటలో, నాగర్‌కర్నూలు జిల్లా అమ్రాబాదు మండలమున, మన్ననూరు అను గ్రామము కలదు. నల్లమల యడవి కది వాకిలి. అచ్చటి అటవీశాఖవారి చెక్‌పోస్టులో రాత్రి 9 గంటలు మొదలుకొని ఉదయము 6 గంటలవరకు వాహనములను అడవిలోనికి పోనీయరు. ముందున్నది 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాదు పులుల అభయారణ్యము. రాత్రివేళ మృగములు బాట దాటుచుండును. నిలిచిపోయిన ప్రయాణికుడు విసుగుకొనవచ్చునుగాని తన కన్యాయము జరిగినదని యనజాలడు. ఏలయన, ఇందు మూడు లక్షణములు కలవు. కారణము సత్యమైనది. నియమము ముందుగానే తెలుపబడినది. ఆపబడినవానికి మరియొక దారి, అనగా తెల్లవారిన పిమ్మట పోవు నవకాశము, మిగిలియున్నది. ఈ మూడింటిని కొలబద్దగా గైకొని మన విషయమునకు వత్తము.

కంప్యూటరునందు ప్రాసెసరు, ర్యామ్, డిస్కు, కీబోర్డు, ప్రింటరు మున్నగు పరికరములను ఒక త్రాట నడిపించు ఏర్పాటునకు ఆపరేటింగ్ సిస్టమ్ అని పేరు. తెలుగున నిర్వాహక వ్యవస్థ యనుచున్నారు. ప్రతి నిర్వాహక వ్యవస్థయు రెండు పట్టికలను ప్రకటించును. తన్ను స్థాపించుటకు యంత్రమున కుండవలసిన కనీసపు శక్తి యొకటి. తా నాదరించు పరికరముల పేర్లు రెండవది. యునిక్స్ సంప్రదాయమునకు చెందిన డెబియన్ 12వ కూర్పు, తెరమీద బొమ్మలతో పనిచేయు ఏర్పాటునకు కనీసము ఒక గిగాబైటు ర్యామ్, హాయిగా నడచుటకు రెండు, డిస్కుమీద పది గిగాబైట్ల చోటు కోరెను. మైక్రోసాఫ్ట్ వారి విండోస్ 11 అక్టోబరు 2021లో వెలువడినప్పుడు నాలుగు గిగాబైట్ల ర్యామ్, అరువదినాలుగు గిగాబైట్ల చోటు కోరుటయే గాక, టి.పి.ఎం. 2.0 అను రక్షణ భాగమును, తాము పేర్కొనిన ప్రాసెసర్లలో నొకదానిని ఉండితీరవలెనని విధించెను. పిదప 2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10నకు సాధారణపు ఆదరణ ముగిసినది. ముందటి దినమున చక్కగా పనిచేసిన యంత్రములు మరునాడు చెడిపోలేదు. వాని పేరు పట్టికలో లేకపోయెను, అంతియే. రహస్యపు తాళములను భద్రముగా దాచుటకు ఆ రక్షణ భాగ ముపయోగించును గనుక చెప్పిన కారణము మిథ్య యని మే మనము. కాని జాబు వ్రాసికొనుటకును, పాఠము చదువుకొనుటకును అది లేనిచో యంత్రము వ్యర్థమనుట వస్తుస్వభావమువలన కలిగిన నిర్ణయము కాదని మాత్రము చెప్పగలము.

ఈ విషయము పట్టణమందలి సంపన్నునకు చిన్నది; క్రొత్త యంత్రము కొనుక్కొనును. మన్ననూరులో చెంచుల కొరకు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ పనిచేయుచున్నది. ఆ చుట్టుపట్ల గూడెమునందలి యొక విద్యార్థికి పట్టణపు బంధువొకడు వాడి విడిచిన పదేండ్లనాటి కంప్యూటరు చేరిన దనుకొందము. ఆ యింట నది మొదటి కంప్యూటరు. బహుశః చాలకాలమువరకు చివరిదియు నదే. 2011లో మీసేవ వచ్చినది మొదలు ధ్రువపత్రములు, దరఖాస్తులు, పరీక్షాఫలితములు క్రమక్రమముగా తెరమీదికి చేరినవి. ప్రభుత్వముతో మాటాడుటకు యంత్రము కావలసినప్పుడు యంత్రమునకు విధించిన అర్హత పౌరునికి విధించిన అర్హతయే యగుచున్నది. ఇంతటి పట్టికను కేవలము నిపుణుల వ్యవహారమని విడిచిపెట్టుట ఎట్లు?

ఇచ్చట యునిక్స్ వంశచరిత్రము జ్ఞప్తికి దెచ్చుకొనదగినది. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు కెన్ థాంప్సన్ దాని కంకురార్పణ చేసినది గొప్ప యంత్రముమీద గాదు. అప్పటికే వెనుకబడి, అంతగా వాడుకలేక పడియుండిన పి.డి.పి.-7 అను చిన్న కంప్యూటరుమీద. 1973లో డెనిస్ రిచీ నిర్మించిన సీ భాషలో దానిని తిరుగ వ్రాసిరి. అంతవరకు నిర్వాహక వ్యవస్థ యనగా ఒకానొక యంత్రమునకు కుట్టిన చొక్కావంటిది. ఆ యంత్రముతో పుట్టి దానితోడనే గిట్టెడిది. సీ భాషలోనికి మారిన పిమ్మట కొద్ది మార్పులతో మరియొక యంత్రమునకు తరలింపదగినదయ్యెను. 1991లో ఫిన్లాండు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ తన యింటనున్న 386 కంప్యూటరు కొరకు లినక్స్‌ను వ్రాయ నారంభించెను. తనకడ నున్న పరికరములకు మించి అది పనిచేయునను ఆశ యప్పు డాతనికి లేదు. నేడది చేతిఫోనులనుండి మహాయంత్రములవరకు వ్యాపించినది. 1993లో మొదలైన నెట్‌బీఎస్‌డీ వారు అనేక జాతుల పాత యంత్రములను ఆదరించుటయే వ్రతముగా పెట్టుకొనిరి. ఉన్నదానితో సరిపెట్టుకొనుట ఈ వంశమునకు పుట్టుకతో వచ్చిన గుణము.

అట్లని ఈ వంశమువారు ఎవ్వరిని ఎన్నడు విడువరనుకొనరాదు. లినక్స్ పుట్టిన 386 ప్రాసెసరునే లినక్స్ విడిచిపెట్టెను. 2012 డిసెంబరులో నిర్ణయమై, 2013లో వెలువడిన 3.8వ కూర్పుతో అమలులోనికి వచ్చెను. 2025 ఆగస్టు 9న వెలువడిన డెబియన్ 13, పాతకాలపు 32 బిట్ల కంప్యూటర్లలో క్రొత్తగా స్థాపించుకొను వీలును తీసివేసెను. ఇది నిర్దయ కాదా యని చదువరు లడుగవచ్చును. మా సమాధాన మిది: ఆదరణ యనునది మాట కాదు, పని. పట్టికలో నొక పరికరము పేరుండవలెనన్న, ప్రతి కూర్పునందును దానిని పరీక్షించువా డొకడుండవలెను; తప్పు కనబడినప్పుడు దిద్దువా డుండవలెను; ఆ పాత యంత్రము వానికడ నుండవలెను. ఈ పని చేయువారిలో పలువురు జీతము లేనివారు. శ్రమపడువారు లేక, పేరు మాత్రము పట్టికలో నుంచినచో, అది దయ యనిపించుకొనదు, వంచన యగును. ఆ పట్టికను నమ్మి రాత్రియంతయు తంటాలుపడిన బీదవాని నష్టము, ముందే లేదని విని మరియొక దారి చూచుకొనినవాని నష్టముకంటె పెద్దది. డెబియన్ వారు తమ యుద్దేశమును 2023 డిసెంబరులోనే తెలిపిరి. కనుక మన కొలబద్దలోని మొదటి రెండు లక్షణము లిచ్చట కలవు.

మూడవది మిగిలియున్నది: విడువబడినవానికి దారి కలదా? కలదని యునిక్స్ వంశములోని స్వేచ్ఛాసాఫ్ట్‌వేరు పక్షమువారు గర్వముతో చెప్పుదురు. మూలగ్రంథము, అనగా సోర్సుకోడు, అందరికిని బహిరంగముగా నున్నది. వారు విడిచినదానిని ఎవరైనను ఎత్తుకొని మోయవచ్చును. అమ్మకపువస్తువు విషయమున నీ వీలు లేదు. అమ్మినవాడు తలుపు మూసినచో మూసినదే. ఈ భేదము గొప్పది. కాని యింతటితో తృప్తిపడుట మాకు చేతకాకున్నది. హక్కు కాగితముమీద నుండుట వేరు, చేతి కందుట వేరు. అమ్రాబాదు పీఠభూమి చరిత్రయే యిందుకు నిదర్శనము. హైమెండార్ఫ్ పండితుడు 1940లో చెంచుల నడుమ నివసించి వారి జీవితమును పరిశీలించెను; 1942లో నిజాము ప్రభుత్వము అచ్చట కొంత యడవిని వారికై ప్రత్యేకించెను; 1943లో ఆతని గ్రంథము వెలువడెను. ఐనను ఎనుబదేండ్లు గడచినను ఆ జాతివారు ప్రత్యేకముగా బలహీనమైన గిరిజన సమూహముల జాబితాలోనే యున్నారు. చదువు, సాయము, మార్గదర్శకుడు లేని చోట హక్కు ఫలింపదు. మూలగ్రంథమున్నది, నీవే బాగుచేసికొనుమని గూడెమునందలి విద్యార్థితో ననుట, ఓనమాలు రానివానితో గ్రంథాలయము తెరచియున్నదని చెప్పుటవంటిది. కావున మూడవ లక్షణము పూర్తియగుటకు మూలగ్రంథముతోబాటు పొరుగువాడు గూడ కావలెను.

ఇంకొక చిక్కుముడి యున్నది. పరికరములలో కొన్నిటికి, ముఖ్యముగా వైఫై భాగములకు, వానిని తయారుచేసిన సంస్థ యిచ్చు ఫర్మ్‌వేర్ అను రహస్యపు వ్రాత లేనిదే చలనము లేదు. ఆ వ్రాతను ఎవ్వరును చదువరాదు, దిద్దరాదు. ఇటువంటి రహస్యముమీది కోపమే ఈ యుద్యమమునకు మూలము. ప్రింటరును నడుపు ప్రోగ్రాము మూలగ్రంథము తనకు చూపింపబడకపోవుట రిచర్డ్ స్టాల్‌మన్ మనస్సును కలచివేసెను. 1983లో ఆయన గ్నూ ప్రయత్నమును ప్రకటించెను. అట్టి వంశమువారు రహస్యపు వ్రాతను తమ పెట్టెలో నుంచవచ్చునా? డెబియన్ వారు దీనిమీద 2022లో తమలో వోటు తీసికొని, ఉంచవచ్చునని తీర్మానించిరి. 2023నాటి 12వ కూర్పునుండి అట్లే చేసిరి. మడి చెడినదని కొందరు వగచిరి. మేము తీర్మానమునే మెచ్చుకొందుము. శుచిగా నుండవలెనను వ్రతమువలన నష్టపడువాడు వ్రతముపట్టినవా డొక్కడే యైనచో అది తపస్సు. నష్టము బీదవాని తలమీద పడునప్పు డది మడికట్టుకొని దాహమడిగినవానిని దూరముగా నిలుపుట. అయితే లోనికి వచ్చిన రహస్యపు వ్రాత లేవో వాడుకరికి తెలుపుటయు, వలదనువాడు తీసివేయగలుగుటయు అవసరము. ఆ తీర్మానమునందే యీ రెండును చేర్పబడినవి. దయతోబాటు సత్యమును నిలుపుకొనుట యనగా నిట్టిది.

పరికరముల పట్టికలో మన భాషను గూడ చేర్చి చూడవలెను. తెలుగు వ్రాయలేని, చదువజూపలేని యంత్రము మన గృహిణికి సగము యంత్రమే. యూనికోడ్ 1991నాటి తొలికూర్పునందే తెలుగు లిపికి స్థాన మిచ్చినను, ఒత్తులును గుణింతములును తెరమీద సరిగా కూర్చుండుటకు అక్షరరూపములు గీసినవారు, కీబోర్డు అమరికలు చేసినవారు, పదములను తెనిగించినవారు ఎందరో శ్రమించిరి. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు తెలుగులో పలుకరించు లినక్స్ కూర్పును సిద్ధపరచి పంచిరి. ఇట్టివారినే మేము పైని పొరుగువాడని చెప్పితిమి.

ఇక మన గృహస్థుల వంతు. 2022లో ప్రపంచమున 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైనదనియు, అందులో క్రమముగా సేకరింపబడి మరల ఉపయోగమునకు వచ్చినది 22.3 శాత మనియు ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో ప్రకటించినవి. ఇది విని దయగలవారు తమ పాత కంప్యూటరును ఏ గిరిజన పాఠశాలకో యిచ్చివేయుదమని సంకల్పింతురు. సంకల్పము మంచిదే, కాని కఠోపనిషత్కథను ఒకసారి తలచుకొనవలెను. పాలుడిగి, శక్తిసన్నగిలిన గోవులను తండ్రి దానము చేయుచుండగా నచికేతుని కెందుకు బాధ కలిగెను? అది దానముకాక వదిలించుకొనుట యగుచున్నదని ఆ బాలునకు తోచెను. మన దానముగూడ నట్లు కాకుండ చూచుకొనవలెను. ఇచ్చుటకు ముందు మన సొంత వ్రాతలను పూర్తిగా తుడిచివేయవలెను. యంత్రపు ర్యామ్‌ను, ప్రాసెసరును చూచి దానికి తగిన తేలికయైన లినక్స్ కూర్పును, ఇంకను రక్షణ సవరణలు వచ్చుచున్నదానిని, స్థాపింపవలెను. వైఫై తగులుకొనుచున్నదా, ప్రింటరు పలుకుచున్నదా, తెలుగు సరిగా కనబడుచున్నదా యని మన చేతులతో చూడవలెను. బ్యాటరీ చచ్చినచో ఆ మాట చెప్పవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, నెల దినముల పిమ్మట యంత్రము మొరాయించినచో ఎవరిని పిలువవలెనో చెప్పి, పిలిచినప్పుడు పలుకవలెను. ఇవి చేయలేనివారు ఆ యంత్రమును ఎలక్ట్రానిక్ చెత్తను క్రమముగా సేకరించువారి కప్పగించుట మేలు. బీదవాని యింటిని మన చెత్తకుప్పగా చేయు హక్కు మనకు లేదు.

ఏ యంత్రమును ఎన్నటికిని విడువరాదని మా వాదము కాదు. ప్రతి వస్తువునకును ఒక తుది కలదు. దానిని దాచిపెట్టుట సత్యమునకు విరుద్ధము. కాని ఆ తుదిని నిర్ణయించువాడు కారణము చెప్పవలెను, గడువు చెప్పవలెను, దారి చూపవలెను. పట్టికలు వ్రాయు నిపుణులు ఒక్కొక్క పేరును కొట్టివేయుటకు ముందు, ఆ పేరుగల యంత్ర మెవరి యింట మిగిలియున్నదో విచారింపవలెను. వారు విచారింపనిచోట ఆ యింటివారికి తోడుపడుట మనపని. మన యిండ్లలో మూలబడిన యంత్రముతోనే ఆ పని నీ నెలలో మొదలుపెట్టవచ్చును.