చెవిపోగును చిన్నచూపు చూడకు

అబ్బాయ్, రెండు గేదెలు కట్టుకున్నావని తెలిసి సంతోషపడ్డాను. మేతా నీళ్లూ చూసుకుంటే సరిపోయే రోజులు కావివి. చెవికి వేసే పసుప్పచ్చ పోగు సంగతీ చూసుకోవాలి. అందుకే ఈ నాలుగు మాటలు.

2019లో కేంద్రం గాలికుంటు, బ్రూసెల్లోసిస్ రోగాల మీద దేశమంతా ఉచిత టీకాలు మొదలుపెట్టాక ఈ పోగుల జోరు పెరిగింది. పోగు మీద 12 అంకెలుంటాయి. పశువు వయసు, ఈతలు, టీకాలు, యజమాని పేరు ఆ నంబరు కిందే కంప్యూటర్లో ఎక్కుతాయి.

పోగు వేయిస్తే రేపు పన్ను వేస్తారనీ, టీకాతో పాలు తగ్గుతాయనీ కొందరు టీకాలవాళ్లు వచ్చే పూటకి గేదెల్ని పొలానికి తోలేస్తారు. టీకా వేశాక రెండు మూడు రోజులు పాలు తగ్గొచ్చు, నిజమే. గాలికుంటే వస్తే ఆ ఈత పాలే దెబ్బతింటాయి. ఏది నష్టమో నువ్వే లెక్క వేసుకో. ఆరు నెలలకోసారి గాలికుంటు టీకా తప్పించకు. పెయ్యదూడకు నాలుగో నెల నిండాక, ఎనిమిదో నెల దాటకుండా బ్రూసెల్లా టీకా వేయించు.

పెద్ద డెయిరీ వాళ్లకు కాగితాలు చూడ్డానికి మనిషి ఉంటాడు. మనకు మనమే. సంతలో బేరం తెగగానే పోగు నంబరు రాసుకో. పశువైద్యశాలకెళ్లి పాత యజమాని పేరు తీయించి నీ పేరు ఎక్కించు. ఒక పూట కూలి పోతుందని వాయిదా వేయకు. బీమా చేసిన గేదె చనిపోయిన రోజున చెవికి పోగు లేకపోయినా, పేరు నీది కాకపోయినా పరిహారం దగ్గర కొర్రీ వేస్తారు. కంపకు తగిలి పోగు ఊడితే కొత్తది వేయించి, ఆ నంబరు బీమావాళ్లకూ చెప్పు. చెవి పుండు పడితే ఈగలు వాలనీయకు, డాక్టరుకు చూపించు.

పశువైద్యశాలలో సర్వర్ పనిచేయట్లేదు, రేపు రమ్మంటే ఊరికే తిరిగి రాకు. నంబరు రాసిన కాగితం ఇచ్చి, ఎప్పుడు ఎక్కిస్తారో అడుగు. నియమం పెట్టినవాళ్లకు మన పని చేసిపెట్టే బాధ్యతా ఉంది. మర్యాదగా అడుగు, కానీ అడగడం మానకు.

రేపు పాలు పితకడం అయ్యాక ఆ రెండు పోగులకీ ఫోటోలు తీసి నీ ఫోన్లో, కోడలి ఫోన్లో పెట్టుకోండి. ఒక నోటు పుస్తకంలో నంబర్లు, టీకా తేదీలు, ఎద సూది వేయించిన రోజు రాసుకోండి. ఆపద వచ్చిన రోజున నీ తరఫున మాట్లాడేది ఆ పుస్తకమే.